రెన్‌ఫ్రో గారి అమ్మాయి చేసిన పంపకాలు

మా ఇంట్లో ఆడపిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుంటే జబ్బంటారు, నోరు విప్పితే పొగరంటారు. రిచ్‌మండ్ వెళ్ళి ఆసుపత్రిలో గాయపడ్డ సైనికులకు కట్లు కడతానంటే మనసు విరిగిందంటున్నారు. నన్ను చేసుకుంటాడని అందరూ అనుకున్న లెఫ్టినెంట్ ట్రూయెట్ ఇంకో పిల్లను చేసుకున్న మాట నిజమే. ఆ పెళ్ళి విందులో నేను పందిమాంసం రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

కనుక, జార్జియా రాష్ట్ర న్యాయవాది, శాసనసభ్యులు థాడియస్ రెన్‌ఫ్రో గారి కుమార్తెను, అవివాహితను, లవీనియా అనే నేను, ఎవరి బలవంతమూ, ఏ విరహమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాస్తున్నాను. ఆసుపత్రిలో జ్వరాలు ఎక్కువట. దీన్ని అమలు జరపవలసింది నాన్నగారు. నా తదనంతరం విప్పమని కవరు మీద రాశాను గానీ, నేను రైలెక్కగానే ఆయన విప్పుతారని తెలుసు.

1. మేనత్త క్లెమెంటైన్‌కు, నా నరాల బలహీనతకని ఆమె కాచి పంపిన కషాయం సీసాలన్నీ. వేటికీ బిరడా తీయలేదు.

2. తమ్ముడు ఆస్‌బరీకి నా కలమూ సిరాబుడ్డీ. నాన్నగారి ఆఫీసులో వాడు లా నేర్చుకుంటున్నాడని అందరి నమ్మకం. వాడి పేరుతో దావాలు రాస్తున్నది నేను. ఇకమీదట వాడే రాసుకోవాలి.

3. నాన్నగారికి, నేను సాపు రాసిపెట్టిన ఆయన ఉపన్యాసాలు రెండు. ఒకటి దక్షిణాది రాష్ట్రాలు అమెరికా యూనియన్ నుంచి విడిపోకూడదని, రెండోది అదే వారం చివర, విడిపోయి తీరాలని. రెండింటికీ జనం టోపీలు ఎగరేశారు. కంచర గాడిదెక్కి కోర్టు కోర్టుకీ తిరిగి, పందిపిల్లల తగాదాలు గెలిచి, శాసనసభ దాకా ఎదిగిన మనిషి ఆయన. యుద్ధం వచ్చి అసలు కాఫీ దొరక్కపోయాక, బెండగింజలు వేయించి కాచిన కాఫీ దేశభక్తి అని ఊరంతా ప్రచారం చేశారు. తాగేటప్పుడు ఆయన ముఖం చూసినదాన్ని నేను. నా పెట్టెలో రుమాలులో అసలు కాఫీ గింజలున్నాయి. తలుపేసుకుని తాగండి.

4. నా బాప్తిస్మం నాడు నానమ్మ నాకు బానిసగా రాసిచ్చిన హెస్టర్ విషయం. నా తదనంతరం ఆమెకు స్వేచ్ఛ అని ఇక్కడ రాయబోయాను. రాసినా చెల్లదు. వీలునామా ద్వారా బానిసను విడుదల చేయరాదన్న చట్టానికి చెయ్యెత్తినవారిలో నాన్నగారొకరు. ఎందుకని అప్పట్లోనే అడిగాను. “పోయేవాడికి దానం సులువమ్మా, ఉన్నవాళ్ళకే కదా పని ఆగేది” అన్నారు.

ఈ చిక్కంతా హెస్టర్‌కు వివరించాను. ఆమె కుట్టుపని పక్కన పెట్టలేదు.

“మీరు పోయేదాకా నేనెందుకు ఆగాలి, అమ్మాయిగారూ? ఊరు దాటడానికి పాస్ రాయండి. అది ఇవాళే చెల్లుతుంది.”

కళాశాలలో తర్కశాస్త్రంలో పతకం తెచ్చుకున్నదాన్ని. నాకు తట్టలేదు.

యజమాని సంతకంతో పాస్ లేనిదే ఇక్కడ బానిస రోడ్డెక్కకూడదు. ఆమె యజమానిని నేనే. చాటనూగా వరకని రాసి సంతకం పెట్టాను. ఆమె భర్త అక్కడున్నాడు, బానిసలను వెనక్కి అప్పగించని ఉత్తరాది సైన్యమూ అక్కడే ఉంది. హెస్టర్ మా మేనత్త ఇంట్లో కుట్టుపనికి వెళ్ళిందని మీరంతా అనుకుంటున్నారు. క్షేమంగా చేరినట్టు కబురొచ్చింది.

హెస్టర్‌ను ఎవరికీ రాయడం లేదు. వెనక్కి రప్పించను. నేను రేపు రిచ్‌మండ్ వెళుతున్నాను.

1864 ఫిబ్రవరి, మొదటి సోమవారం.
(సంతకం) లవీనియా రెన్‌ఫ్రో

సాక్షులు, ఆక్షేపణకు తావు లేకుండా చట్టం అడిగినట్టే ముగ్గురు:
ఎబెనీజర్ స్టోక్స్, మందుల దుకాణం
ప్రూడెన్స్ హాలోవే, ఉపాధ్యాయిని
రెవరెండ్ సైలస్ గోర్మన్