మీ ఎడమ భుజం

ఏమండీ,

ఎల్లుండి మీ సంవత్సరీకం. ఒక్కదాన్నే ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుందని చెల్లెలు నన్ను పటమటలో డ్రాయింగ్ క్లాసులో చేర్పించింది. ఇవాళ ఒక ఆటో డ్రైవర్ని ఎదురుగా కూర్చోబెట్టి, చూస్తూ బొగ్గుతో గీయమన్నారు. అతను నిటారుగా, కదలకుండా కూర్చున్నాడు.

మేడమ్ నా వెనకాల ఆగింది. "ఆయన భుజాలు సమానంగానే ఉన్నాయి కదండీ, మీరు ఎడమది కిందకి దించేశారేంటి?" అంది.

అప్పుడు చూసుకున్నాను. ఆటోనగర్ షెడ్డులో లారీల ఇనప కమాన్‌పట్టీలు మోసి మోసి వాలిపోయిన మీ భుజం అది.

"బొగ్గే కదండీ, చేత్తో రుద్దేయండి, పోతుంది," అంది. రుద్దాను. పోయింది.

గ్రీజు చేతులతో లోపలికి రావద్దని, పెరట్లో కుళాయి దగ్గరే కడుక్కోమని మిమ్మల్ని రోజూ కసిరేదాన్ని. ఇవాళ నల్లటి చేతులతో నేనే అక్కడ నిలబడ్డాను. మీ సర్ఫు డబ్బా ఇంకా గోడ మీదే ఉంది. కుళాయి తిప్పాను గానీ, నీళ్ల కింద చేతులు పెట్టలేకపోయాను.

చేతులకంటింది మీ భుజమే కదండీ.