కాలు కింద పెట్టకుండా

మునిర్కా, న్యూఢిల్లీ
10-7-1983

పూజ్యులైన పాపయ్య మావయ్యగారికి,

అరుంధతి నమస్కారాలు. నేను మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. నేను మీ చెల్లెలు హైమవతిగారి రెండో అమ్మాయిని. ఇప్పుడు ఢిల్లీలో ఎమ్మే చదువుతూ, మునిర్కాలో గౌరి అనే అమ్మాయితో కలిసి ఒక గదిలో అద్దెకుంటున్నాను. కింద ఇంటివాళ్ళ గేదెలు, పైన మేము.

కంటోన్మెంటులో ఒక సుబేదారుగారి అమ్మాయి ఛాయాదేవి ఉంది. తెలుగువాళ్ళే, కానీ ఆమెకి హిందీయే అలవాటు. మాకంటే రెండేళ్ళు పెద్దది, అందరం ఛాయా దీదీ అంటాం. ఆమె ఆడపిల్లలతో సైకిల్ జట్టు కడుతోంది. అక్టోబరులో ఢిల్లీ నుంచి ముస్సోరీ దాకా తొక్కుకుంటూ వెళ్ళాలి. దూరమంటే నాకు భయం లేదు. డెహ్రాడూన్ దాటాక మాత్రం అంతా కొండ ఎక్కుడే. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. ఎత్తు ఎక్కుతూ కాలు కింద పెట్టిన పిల్ల జట్టులో ఉండదు. అక్టోబరు మొదట్లో గుర్‌గావ్ అవతల సోహ్నా కొండ మీద అందరికీ పరీక్ష.

నేను రిడ్జి రోడ్డు ఎత్తు మీదే సగంలో దిగిపోతున్నాను. నన్ను ఇంతవరకు ఎవరూ ఏ జట్టులోకీ పిలవలేదు. ఇది పోగొట్టుకోవాలని లేదు. మీరు దూరపు సైకిలు తొక్కడంలో పేరున్నవారనీ, రోజుల తరబడి కాలు కింద పెట్టేవారు కాదనీ అమ్మ ఒకసారి చెప్పబోయింది. నాన్నగారు ఆ మాట పూర్తి కానివ్వలేదు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. సాధన ఎలా చెయ్యాలి?

మీ మేనకోడలు,
అరుంధతి

తా.క. నేను సైకిల్ తొక్కుతున్నట్టు నాన్నగారికి తెలియకూడదు. మీకు ఉత్తరం రాసినట్టు కూడా. ఈ రెండిట్లో ఏది ఆయనకు ఎక్కువ కోపం తెప్పిస్తుందో నాకు తెలియదు.


పిఠాపురం
20-7-1983

చిరంజీవి కుమారి అరుంధతికి,

మావయ్య పాపయ్య దీవెనలు. ఇక్కడ నేనూ, మీ అత్తయ్య జానకీదేవీ, షాపులో అద్దె సైకిళ్ళూ క్షేమం.

నీ ఉత్తరం షాపు మూసి చదువుకున్నాను. అమ్మాయ్, మన వాళ్ళలో నన్ను ఏదైనా తెలుసుకోవాలని అడిగింది నువ్వొక్కదానివే. మీ నాన్న వీరభద్రరావుగారు నా ఊసు వస్తే పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. పెట్టుకోనీ.

అమ్మ చెప్పింది నిజమే. పిఠాపురంలో ఆరు రోజులు, తునిలో అయిదు, సామర్లకోటలో వాన పట్టుకుంటే నాలుగు. రాత్రీ పగలూ కాలు కింద పెట్టలేదు. చెప్తాను, రాసుకో. చక్రం వైపు చూడకు, ఎదుటివాళ్ళ నుదురు చూడు. నాలిక కింద ఉప్పు రాసిన నిమ్మతొన ఉంచుకో. పెరుగన్నం ముద్దలు ఎవరైనా పక్కన నడుస్తూ అందించాలి. నిద్ర ముంచుకొస్తే నీకు కిట్టని మనిషిని తెచ్చి పొగడమను, మత్తు వదిలిపోతుంది. నేను మూడో రోజు సైకిల్ మీదే గడ్డం గీయించుకునేవాణ్ణి. నీకా ఇబ్బంది లేదు.

అసలు సంగతి రాయలేదు నువ్వు. రింగు ఎంత? అది తెలిస్తేగాని సాధన చెప్పలేను.

ఇట్లు,
పాపయ్య

తా.క. తునిలో మునసబుగారు శాలువా కప్పుతానంటే, ఆపకుండానే వంగి కప్పించుకున్నాను. నువ్వు కూడా వంగడం నేర్చుకో. ఢిల్లీలో శాలువాలు ఎక్కువ.


మునిర్కా
31-7-1983

మావయ్యగారికి,

అరుంధతి నమస్కరించి రాసేది. మీ ఉత్తరం చూసి ధైర్యం వచ్చింది. హిందీలోకి మార్చి జట్టులో అందరికీ చదివి వినిపించాను. పిఠాపురంలో బయల్దేరి ఆరు రోజులు దిగకుండా తొక్కితే ఎంతదాకా పోవచ్చో మ్యాపు పెట్టి చూశాం. కలకత్తా దాటేశారు. ఛాయా దీదీ ఆ దూరాన్ని మ్యాపు మీద జానలతో మళ్ళీ కొలిచింది. తర్వాత అందరం నిమ్మకాయలు కొనుక్కొచ్చాం.

ఇప్పుడు తెల్లవారక ముందే లేచి రిడ్జికి వెళ్తున్నాం. ఏషియాడ్ కోసం వేసిన రోడ్లు ఇంకా నున్నగా ఉన్నాయి. ఎదుటివాళ్ళ నుదురు చూడమన్నారు కదా, ముందు పోయే పిల్ల నుదురు కనిపించదు. జడ చూస్తున్నాను. పర్వాలేదా?

రింగు ఇరవయ్యారు అంగుళాలు. నాది లేడీస్ సైకిలు కాబట్టి అంతే. మిగతా అమ్మాయిలవీ అంతే. అది చిన్నదంటారా?

అక్టోబరు తొమ్మిదిన ఇక్కడ బయల్దేరితే, పన్నెండున డెహ్రాడూన్ నుంచి కొండ ఎక్కుతారు. వాళ్ళలో నేనుండాలి. అది తప్ప ఇప్పుడు వేరే ఆలోచన లేదు. పుస్తకాలు తెరిచినా రోడ్డే కనిపిస్తోంది.

మీ అరుంధతి

తా.క. గడ్డం గీయడానికి వచ్చిన మంగలి మీ వెంట ఎన్ని ఊళ్ళు తిరిగాడని ఛాయా దీదీ అడుగుతోంది. ఆయనది కూడా సైకిలేనా?


పిఠాపురం
9-8-1983

చి. అరుంధతికి,

దీవెనలతో మావయ్య. నీ ఉత్తరం అందినప్పటినుంచీ అన్నం సహించడం లేదు. మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు.

ఇరవయ్యారు అంగుళాలా? మా రోజుల్లో రింగంటే ముప్పై అడుగులు. మనిషికి ఊపిరాడేది. ఇరవయ్యారు అంగుళాలలో కోడిపెట్ట కూడా తిరగలేదు. అందులోనూ కొండ వాలు మీద, అందులోనూ ఆడపిల్లలని. ఆ సుబేదారుగారి అమ్మాయికి మనసెలా ఒప్పిందో నాకు తెలియదు. మానుకోమని రాద్దామనుకుని కాగితం తీశాను. నువ్వు వేరే ఆలోచన లేదన్నావు. ఆ మాట నాకు తెలుసమ్మా. నేనూ ఒకప్పుడు మా నాన్నతో అదే అన్నాను.

కనక సరిగ్గా విను. అంత రింగులో ముందుకు పోయే ఊసు మర్చిపో. నిలబెట్టడమే. సైకిలు ఎక్కి కూర్చుని, ఉన్నచోటే నిలబెట్టాలి. ముందు చక్రం ఎత్తు వైపుకి కొద్దిగా తిప్పు. బండి వెనక్కి జారాలని చూస్తుంది, నువ్వు పెడలు మీద బరువేసి జారనివ్వకు. బండీ నువ్వూ ఒకరినొకరు ఓర్చుకోవాలి, అంతే విద్య. మొదట్లో పడతావు. వాలు ఉన్న సందు చూసుకుని రోజూ చెయ్యి. ఎవరు ముందుకెళ్ళినా నువ్వు కదలకు.

ఇట్లు,
పాపయ్య

తా.క. కలకత్తా నేను వెళ్ళలేదు. వాళ్ళు పిలవలేదు. మంగలి కూడా ఎక్కడికీ తిరగలేదు, వాడిది ఈ ఊరే.


మునిర్కా
3-10-1983

మావయ్యగారికి,

అరుంధతి నమస్కారాలు. నిన్న సోహ్నా కొండ మీద పరీక్ష అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీ ఆగస్టు ఉత్తరంలో ముప్పై అడుగుల రింగు ఏ సైకిలుకి ఉంటుందో నాకు అర్థం కాలేదు. ముప్పై అంగుళాలని రాయబోయి అడుగులని రాశారనుకున్నాను. అది తప్ప మిగతాదంతా చెప్పినట్టే చేశాను. మా సందులో పాలబూత్ దగ్గర వాలు ఉంది. రెండు నెలలు అక్కడ సైకిలు ఎక్కి, కదలకుండా నిలబడ్డాను. ఇంటావిడ గౌరిని పిలిచి, "మీ సఖికి ఇంట్లో ఏమైనా పరేషానీయా?" అని అడిగింది. నేను పట్టించుకోలేదు. ఎత్తులు ఎక్కేవాళ్ళకి మాత్రమే తెలిసిన రహస్యమేదో మీరు నాకొక్కదానికే చెప్పారనుకున్నాను.

నిన్న నాతో కలిపి పదిమందిమి. సగం దాకా బాగానే ఎక్కాను. బాగా ఎత్తయిన మలుపు దగ్గర రొప్పు వచ్చింది. ఇదే సమయం అనుకుని చక్రం తిప్పి నిలబెట్టాను. అందరూ నన్ను దాటిపోయారు. ఛాయా దీదీ వెనక్కి తిరిగి, "క్యా కర్ రహీ హో?" అని, ఏం చేస్తున్నావని అరిచింది. మీరు కదలొద్దన్నారు కాబట్టి కదల్లేదు. నా వెనక ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగొచ్చి, నన్నూ సైకిల్నీ చుట్టూ తిరిగి చూసి, "పెట్రోల్ ఖతమ్ హో గయా, బేటీ?" అని అడిగాడు. నవ్వుతూ కాదు, పాపం నిజంగానే.

వాళ్ళంతా పైకి చేరి, నీళ్ళు తాగి, మళ్ళీ కిందికి దిగి వచ్చేసరికి కూడా నేను అక్కడే ఉన్నాను. అప్పుడు పడ్డాను. కాలు కింద పెట్టలేదు మావయ్యా. మోచెయ్యి పెట్టాను.

ఛాయా దీదీ కోప్పడలేదు. పక్కన కూర్చుని మోచెయ్యి కడిగింది. "నువ్వు రూలు తప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ ముస్సోరీ దారిలో నువ్వు ఇలా నిలబడితే మేం ఏం చెయ్యాలి?" అంది. జట్టు తొమ్మిదిమందితో వెళ్తుంది.

గదికి వచ్చేసరికి నాన్నగారి ఉత్తరం ఉంది. నేను అమ్మకొక్కదానికే రాసిన సంగతి అమ్మ చెప్పేసిందట. "మీ మావయ్య ఏ ఊరికీ పోలేదు. మైదానంలో తాడు కట్టి గుండ్రంగా తిరిగాడు, జనం చుట్టూ నిలబడి చూశారు. అదీ ఆయన దూరం" అని రాశారు. అది చదివాక మీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చూశాను. ఒక్కో మాటా ఇప్పుడు అర్థమైంది.

నాకు మిమ్మల్ని ఒక్కటే అడగాలని ఉంది. మావయ్యా, మీరు ఎప్పుడైనా కొండ ఎక్కారా?

అరుంధతి

తా.క. మేం తిరిగొచ్చేటప్పుడు లారీ డ్రైవరు మళ్ళీ అదే దారిలో వెళ్తూ హారన్ కొట్టి, వెనక ఉన్న ఛాయా దీదీని నా గురించి అడిగాడట. ఆ కొండ మీద నన్ను గుర్తు పెట్టుకున్నవాడు ఆయనొక్కడే.


మునిర్కా, న్యూఢిల్లీ
16-10-1983

చి. అరుంధతికి,
కేరాఫ్ పాపయ్య సైకిలు షాపు, పిఠాపురం

మావయ్య దీవెనలు. నా షాపుకి నేనే ఉత్తరం రాస్తున్నాను, పోస్ట్‌మాన్ కంగారు పడితే నువ్వే చెప్పుకో. నీ మూడో తారీకు ఉత్తరం నాకు అందలేదు. దానికంటే ముందే నేను రైలెక్కాను. అందులో ఏముందో ఇందాకే గౌరి చెప్పింది.

మొదటినుంచీ చెప్తాను. పన్నెండో తారీకు దగ్గర పడేకొద్దీ నాకు నిద్ర లేదు. కొండ మీద ఇరవయ్యారు అంగుళాల రింగులో నువ్వు నిలబడి ఉంటావు, పెరుగన్నం అందించే మనిషి కూడా ఉండడు, అదే కళ్ళ ముందు. మీ అత్తయ్యే, "వెళ్ళి రండి, ఇక్కడ ఉండి మాత్రం ఏం చేస్తున్నారు?" అంది. కాగితపు పూల దండ ఒకటి చుట్టుకుని బయల్దేరాను. డెహ్రాడూన్‌లో దిగి, సైకిలు రింగు ఎక్కడ వేశారని టాంగావాణ్ణి అడిగాను. వాడికి సైకిలు ఒక్కటే అర్థమైంది. చెయ్యెత్తి పైకి చూపించాడు. చూశాను. మబ్బుల్లో ఉందమ్మా ఆ ఊరు.

అప్పుడు తెలిసింది నాకు. రింగు లేదు, తాడు లేదు, చుట్టూ జనం లేరు. పోవడమే ఉంది. నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, నేనే నాకు తెలిసిన సైకిలుని అందులో చదువుకున్నాను.

అక్కడే ఒక సైకిలు అద్దెకు తీసుకున్నాను. నువ్వు ఎక్కే దారి నేను ఎక్కకుండా ఎలా? మొదటి మలుపు దాటలేదు, కాలు కింద పెట్టేశాను. పెట్టి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. మేక ఒకటి చూస్తోంది. అది కూడా కాసేపు చూసి గడ్డి తినడంలో పడింది. నేను ఇన్నాళ్ళూ ఎంతగా భయపడిన సంగతో నీకు తెలియదు, ఇంత చిన్నగా అయిపోయింది. ఇక దిగి తోసుకుంటూ నడిచాను.

సగం దారిలో టీ కొట్టు ఉంది. కూర్చుని నీ కోసం చూస్తున్నాను. మధ్యాహ్నానికి ఆడపిల్లలు వచ్చారు. అమ్మాయ్, తొమ్మిదిమందీ తోసుకుంటూనే వచ్చారు. ఒక్కళ్ళు కూడా సీటు మీద లేరు. ముందు నడుస్తున్న అమ్మాయి ఒక చేత్తో సైకిలు, ఇంకో చేత్తో బూట్లు పట్టుకుని వస్తోంది. ఛాయాదేవి నువ్వేనా అన్నాను. తెలుగులో అడిగితే ఆ పిల్ల హిందీలో చెప్పింది, ఇద్దరికీ తెలిసింది. "అంకుల్, యే సోహ్నా నహీ హై" అని, అంటే ఇది సోహ్నా కాదని, నా పక్కన కూలబడింది.

నేను అరుంధతి మావయ్యని, తను ఏదన్నాను. సోహ్నా సంగతంతా చెప్పింది. చెప్పడానికి కష్టపడింది కూడా. ఎంతసేపు నిలబడిందని అడిగాను. తాము పైకెళ్ళి తిరిగి వచ్చేదాకా అంది. వాలు మీద, పెడలు మీద, అంతసేపు. నేను బాధపడాలని తెలుసు. నా తెలివితక్కువ వల్ల నీ చోటు పోయింది. బాధపడ్డాను కూడా. కానీ లోపల ఒక పక్క ఎంత గర్వంగా ఉందో నీకు చెప్పకుండా ఉండలేను. నేను నా మంచి రోజుల్లో కూడా అందులో సగంసేపు నిలబడలేదు.

"మీరు నేర్పిందేనా?" అని అడిగింది. అవునన్నాను. కొంచెంసేపు బూట్లలోంచి రాళ్ళు దులుపుకుంటూ కూర్చుంది. తర్వాత, "ఆ రూలు ఇవాళ పొద్దున్నే పోయింది అంకుల్. చలి తగ్గాక మళ్ళీ వస్తాం. అరుంధతి పదో మనిషి. చెప్పండి తనకి" అంది. సంచిలో దండ నలిగిపోతోంది. తీసి ఆ పిల్ల మెడలోనే వేశాను. ఆమె వంగింది.

మిగతా దారంతా నేనూ వాళ్ళతో పాటు తోసుకుంటూ పైకెళ్ళాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లు లేకుండా సైకిలు పట్టుకుని నడిచింది నా జీవితంలో అదే మొదలు. బాగుంది. అక్కడినుంచి మంచు కొండలు కనిపిస్తాయి. మీ నాన్నగారికి చెప్పు, మావయ్య ఈసారి ఒక ఊరికి పోయాడని.

ఆ మాటలన్నీ నీకు ఎదురుగా చెబుదామని ఇవాళ మునిర్కా వచ్చాను. గౌరి తలుపు తీసి, నేనెవరో చెప్పగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దసరా సెలవులని నువ్వు మొన్ననే రైలెక్కావట. కాకినాడలో ఇంటికి కూడా పోకుండా, ముందు నాతో పోట్లాడటానికి తిన్నగా పిఠాపురం పోతానన్నావట. నేను అక్కడ కొండ దిగి వస్తున్న వేళకి నువ్వు ఇక్కడ రైలెక్కేశావన్నమాట.

దసరా రద్దీకి నాకు పది రోజుల దాకా రైలు టికెట్టు దొరకలేదు, కాబట్టి ఉన్నచోటే ఉండు. మీ అత్తయ్య వండింది తిను, షాపు తెరిచి కూర్చో. నేను వచ్చేదాకా కదలకు. ఇద్దరం బయల్దేరితే మళ్ళీ దారిలో తప్పిపోతాం. వచ్చాక ఎంత కావాలంటే అంత పోట్లాడు.

ఇట్లు,
నీ మావయ్య,
పాపయ్య

తా.క. ఎక్కడం గురించి ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం, దిగడం గురించి ఇద్దరిలో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. అద్దె సైకిలుకి బ్రేకులు లేవని ముస్సోరీ దాటాక తెలిసింది. డెహ్రాడూన్ దాకా కాళ్ళు కింద పెట్టే వచ్చాను. ఎత్తితే బండి ఆగితే కదా. చెప్పులు మాత్రం కొత్తవి కొనాలి.