అమ్మకూ కోపం వచ్చేది

మార్చి 3, సోమవారం, ఉదయం 6:40

అమ్మ పోయి ఇవాళ్టికి వారం. పొద్దున్నే అన్నయ్య మెసేజ్. పదహారో తేదీ ఆదివారం ప్రార్థన మందిరంలో సంస్మరణ సభ. నాలుగు పేజీల పుస్తకం అచ్చు వేయిస్తున్నాడట. అందులో అమ్మ గురించి పది లైన్లు నేను రాయాలట. గురువారంలోగా ఇవ్వాలట. ప్రింటర్ తొందరపెడుతున్నాడట.

నాకు రాయడం చేతకాదన్నట్టు కింద ఒక నమూనా కూడా పెట్టాడు. ‘ప్రేమమయి అయిన తల్లి, అమ్మమ్మ, నానమ్మ. నోరెత్తి ఎవర్నీ ఒక్క మాట అనని త్యాగమూర్తి.’

త్యాగమూర్తి! ఆ మాట కనిపెట్టినవాడెవడో వాడి చేత ఒక్క రోజు మందిరం చాపలు ఉతికించాలి.

మార్చి 4, మంగళవారం

రాయలేదు.

మార్చి 5, బుధవారం, లాబ్‌లో, మధ్యాహ్నం 2:15

ఇవాళ డెబ్భై ఎనిమిది మందికి రక్తం తీశాను. ఈ ఆసుపత్రి లాబ్‌లో నాకు పందొమ్మిదేళ్లు. ఈ చుట్టుపక్కల సగం మంది చేతుల్లో నరం ఎక్కడ దొరుకుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. అమ్మ చెయ్యి మాత్రం ఫిబ్రవరి పదిహేను దాకా పట్టుకోలేదు. ఆ రోజు మందిరంలో కళ్లు తిరిగి పడిపోతే ఇక్కడికి తీసుకొచ్చారు. హిమోగ్లోబిన్ 5.8. మెషిన్ తప్పనుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ 5.8.

కడుపులో గడ్డ. కనీసం ఏడాది నుంచీ ఉండి ఉంటుందన్నాడు డాక్టర్. మీరు ఇక్కడే పనిచేస్తారు కదా, చూసుకోలేదా అని కూడా అడిగాడు. మర్యాదగానే అడిగాడు. స్టూలు తీసుకుని కొట్టాలనిపించింది. అతన్ని కాదు. ఎవర్నో.

ఆ ఏడాదంతా అమ్మ ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చింది. నా కూతురి యూనిఫామ్ అంచులు విప్పి పొడుగు చేసి కుట్టింది. నా వంటింటి అలమారాలు సర్దింది. ‘సన్నబడ్డావేంటమ్మా’ అంటే వయసు అంది. నేను నమ్మాను. నమ్మడం సుఖంగా ఉంటుంది కదా, అందుకు.

మార్చి 6, గురువారం

కూర్చుని రాశాను. నిజాలే రాశాను. నాన్న పోయేనాటికి అన్నయ్యకు పదమూడు, నాకు తొమ్మిది. అమ్మ స్కూల్లో ఆయాగా చేరింది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఎవరెవరి పిల్లలకో ముక్కులు తుడిచింది, లేసులు కట్టింది. శనివారం సాయంత్రాలు మందిరం ఊడ్చి కుర్చీలు వేసింది. జబ్బుపడిన వాళ్లింటికి పిలవకుండానే వెళ్లింది.

రోజూ ఐదింటికి వంటింట్లో నేల మీద కూర్చుని ప్రార్థన చేసేది. అరగంట సేపు పేర్లే. ఎవరికి ఏం కావాలో ఒక్కొక్కరి తరఫునా అడిగేది. నేనూ అన్నయ్యా దుప్పట్లో పడుకుని మా పేర్లెప్పుడొస్తాయా అని వినేవాళ్లం. ఎప్పుడూ వాడి తర్వాతే నేను. పరీక్షలప్పుడు మాత్రం నేను ముందుకొచ్చేదాన్ని. తన కోసం ఏదైనా అడగడం మాత్రం నేను వినలేదు.

పంపాను. పది నిమిషాల్లో అన్నయ్య జవాబు. బయోడేటాలా ఉందట, కొంచెం ఎమోషనల్‌గా రాయమన్నాడు. ఫోన్ సోఫా మీదకి విసిరేశాను. నేల మీదకి విసరలేదు. కొత్త ఫోన్.

మార్చి 8, శనివారం, సాయంత్రం

అమ్మ గది ఖాళీ చేయడానికి నేనూ నా కూతురూ వెళ్లాం. హ్యాండ్‌బ్యాగ్ జిప్ లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం. బస్సులో అరగంట దూరంలో ఉన్న వేరే లాబ్ రిపోర్ట్, అమ్మ పేరు మీద. పోయిన ఏప్రిల్ పదకొండో తేదీ. హిమోగ్లోబిన్ 7.4. పక్కన ఎర్ర పెన్నుతో, వెంటనే డాక్టర్‌ను కలవండి అని.

సొంత కూతురు లాబ్‌లో ఉండగా బస్సెక్కి వేరేచోటికి వెళ్లింది!

నా కూతురు ఆ కాగితం చూసి, అమ్మమ్మ ముందు నీ దగ్గరికి రాలేదా అని అడిగింది. నోర్ముయ్ అని అరిచాను. దానికి పదిహేడేళ్లు. వెళ్లి చీరలు మడతపెట్టింది.

వచ్చింది. పోయిన ఏప్రిల్‌లోనే. బెంచీ మీద ఒళ్లో బ్యాగ్ పెట్టుకుని కూర్చుంది. చేతిలో టోకెన్, అరవై ఒకటో నంబర్. నా తల్లి నా దగ్గరికి టోకెన్ తీసుకుని వచ్చింది. నేనేమో కిటికీలోంచి, ‘ఏంటమ్మా ఇక్కడ, ఊపిరాడట్లేదు నాకు, సాయంత్రం ఇంటికి రా’ అన్నాను. ఊరికే వచ్చాన్లే అంది. ఆ టోకెన్ పక్కనున్న ముసలాయనకిచ్చి వెళ్లిపోయింది. సాయంత్రం రాలేదు. నేనూ అడగలేదు.

ఇది రాయకూడదనుకున్నాను.

మార్చి 9, ఆదివారం

మందిరం పెద్దను మేం చిన్నప్పటి నుంచీ మైకు మావయ్య అంటాం. ఒకసారి పట్టుకున్నాడంటే వదలడు. ఇవాళ ఆయన్ని కుర్చీలు పేర్చే గదిలో పట్టుకున్నాను. అమ్మకి ఒంట్లో బాగాలేదని మీకు తెలుసా అని అడిగాను.

తెలీదు తల్లీ అన్నాడు. కాసేపు గడ్డం గోక్కుని, మేలో ఒకసారి సాయం అడిగిందన్నాడు. మందిరం వెనక వీధిలో టీచరమ్మ ఉంది. పక్షవాతంతో ఏడేళ్లుగా మంచం మీదే. అమ్మ రోజూ తొమ్మిదింటికి వెళ్లి ఆవిడకి స్నానం చేయించేది. రెండు నెలల పాటు ఇంకెవరినైనా పెట్టండి అని అడిగిందట.

మరి మీరేమన్నారు అన్నాను.

నీకున్న ఓపిక ఇంకెవరికుంది తల్లీ అన్నాడట.

ఎందుకని అడిగారా అన్నాను. అడగలేదట. ఇది చెబుతున్నప్పుడు కూడా ఆయన ముఖంలో అమ్మను మెచ్చుకున్నానన్న తృప్తే. పొగిడి పని చేయించుకోవడం ఇంత తేలికన్నమాట. జీతం అడగదు, సెలవు అడగదు. ఒక్కసారి అడిగితే ఒక పొగడ్త చేతిలో పెట్టి పంపించేశారు.

రేపొకరోజు ఆగి టీచరమ్మ దగ్గరికి వెళ్తాను. ఆవిణ్ణి కూడా వదలను.

మార్చి 11, మంగళవారం

సెలవు పెట్టి వెళ్లాను. సరిగ్గా తొమ్మిదికి. టీచరమ్మ కొడుకు ఆరింటికే డ్యూటీకి వెళ్లిపోతాడు, తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. తోసుకుని లోపలికెళ్లి నిలబడే అన్నీ అనేశాను. మీకు నీళ్లు పోయడం కోసం మా అమ్మ ఆసుపత్రికి పోలేదు, మీ ఒంటి మురికి కడిగీ కడిగీ చచ్చిపోయింది అన్నాను. మంచం మీదున్న మనిషితో మాట్లాడే మాటలు కావు. తెలిసే అన్నాను.

ఆవిడ అంతా విన్నది. మాట నెమ్మదిగా వస్తుంది కానీ స్పష్టంగానే వస్తుంది. అయిపోయిందా అమ్మాయ్ అని అడిగింది. ఆ ప్లాస్టిక్ స్టూల్ లాక్కుని కూర్చో, మీ అమ్మ కూర్చునేది దాని మీదే అంది.

స్నానానికి పట్టేది పావుగంటేనట. మిగతా ముప్పావుగంట అమ్మ తిట్టేదట.

నేను నమ్మలేదు. టీచరమ్మ నవ్వింది, ఒక పక్క పెదవి మాత్రమే కదిలింది. మొదటి చెంబు ఒంటి మీద పడగానే మొదలయ్యేదట. ముందు టైర్ల షాపు నడిపే మా అన్నయ్య. ఊళ్లో ఉన్న టైర్లన్నిటికీ గాలి కొడతాడు గానీ అమ్మ గడప దాకా రావడానికి వాడికి ఊపిరి ఉండదు అనేదట. తర్వాత మైకు మావయ్య. దేవుడికి చెవుడనుకుంటున్నాడు కాబోలు, అందుకే ఆ మైకు అనేదట. చచ్చిపోయినందుకు మా నాన్నని తిట్టేదట. ఐదింటికి దండం పెట్టిన దేవుణ్ణే తొమ్మిదింటికి ఇక్కడ ఎడాపెడా వాయించేదట. అంతా అయ్యాక టీచరమ్మకు తల దువ్వి, నవ్వుకుంటూ వెళ్లిపోయేదట. నాకు నీళ్లు పోయడానికి వచ్చేదనుకున్నావా, సగం ఆ తిట్ల కోసమే వచ్చేది అంది.

రిపోర్ట్ సంగతి ఆవిడకు తెలుసు. రేపట్నుంచి రావద్దు, వెళ్లి వైద్యం చేయించుకో అని చెప్పి, కొడుకు చేత బయట తాళం వేయించిందట. అమ్మ కిటికీ దగ్గర నిలబడి వీధంతా వినేలా అరిస్తే, పక్కింటివాళ్లు కొడుక్కి ఫోన్ చేసి తాళం తీయించారట. భయపడింది అమ్మాయ్ అంది టీచరమ్మ. మీ నాన్న మూడు నెలలు ఆసుపత్రిలో ఎలా ఉన్నాడో చూసింది కదా. అక్కడ పడుకుని పోయేకంటే ఇక్కడ అరుచుకుంటూ బతుకుతానందట. మైకు మావయ్యను రెండు నెలలు అడిగింది కూడా టీచరమ్మ పోరు పడలేకే. ఎవరూ దొరకలేదని వచ్చి చెప్పినప్పుడు, అమ్మ ముఖంలో కాస్త ఊరట కూడా కనిపించిందట.

టోకెన్ సంగతి నేనే అడిగాను.

ఆ రోజు గంటంతా తిట్లు నీకే అంది. ఏమందో చెప్పమన్నాను. నా చెయ్యి తప్ప ఊరందరి చెయ్యీ పట్టుకుంటుంది నా కూతురు అందట. టీచరమ్మ కూడా, అవును, పిల్లకి మరీ అంత రాతి గుండె పనికిరాదు అందట. అంతే. అమ్మ చెంబు ఠపీమని కింద పెట్టి, నా కూతుర్ని అనడానికి నువ్వెవరివి అని లేచి వెళ్లిపోయిందట. ఒంటినిండా సబ్బుతో టీచరమ్మ అరగంట అలాగే ఉండిపోయింది. సబ్బు ఎండిపోయి ఒళ్లంతా బిగుసుకుపోయిందట. అప్పుడొచ్చి మాట్లాడకుండా నీళ్లు పోసిందట.

అది చెబుతూ టీచరమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. క్షమించమని మాత్రం అడగలేదు.

మార్చి 12, బుధవారం

కోపం ఎవరి మీదో తెలియడం లేదు. తగ్గడం మాత్రం లేదు.

మార్చి 16, ఆదివారం, సాయంత్రం 5:30

పుస్తకం చేతికిచ్చారు. అన్నయ్య నమూనా యథాతథంగా ఉంది. నోరెత్తి ఎవర్నీ ఒక్క మాట అనని. దాని కింద నా పేరు.

నా పేరు!

లేచి ముందుకు వెళ్లాను. మైకు మావయ్య రెండు నిమిషాలే తల్లీ అని మైకు ఇచ్చాడు. పుస్తకం పైకెత్తి పట్టుకున్నాను.

ఇది నేను రాయలేదన్నాను. మా అమ్మకు నోరుండేది, కోపం ఉండేది, ప్రతిరోజూ ఒక గంట మనందర్నీ పేరుపేరునా తిట్టేది అన్నాను. మేలో ఒంట్లో బాగాలేక రెండు నెలలు సాయం అడిగితే, నీ ఓపిక ఎవరికుంది అన్నారు, ఆవిడ ఆసుపత్రికి వెళ్లకుండా ఆగిపోయింది అన్నాను. మొదట టోకెన్ తీసుకుని నా దగ్గరికే వచ్చింది, నేను పంపించేశాను అని కూడా చెప్పాను. అది లేకుండా మిగతాది చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

ఏం తిట్టేదో ఒకటి చెప్పమ్మా అన్నారు వెనక వరసలోంచి ఎవరో. దేవుడి చెవుడు గురించి చెప్పాను. అమ్మతో కలిసి ఇన్నేళ్లు ఈ హాలు ఊడ్చిన ఆడవాళ్ల వరస అది. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇంకొకావిడ. తర్వాత వరసంతా నవ్వారు, కళ్లనీళ్లు పెట్టుకుని. నా కూతురు అందరికంటే గట్టిగా నవ్వింది. మైకు మావయ్య నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అన్నయ్య బయటికి వెళ్లిపోయాడు. కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

బయటికొస్తుంటే ఆ వెనక వరస ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మా దగ్గర ఎందుకు తిట్టలేదు అని అడిగింది, కాస్త నొచ్చుకుని.

మార్చి 29, శనివారం

అన్నయ్య ఫోన్ చేశాడు. పలకరింపు లేదు. అమ్మ నన్ను ఏమని తిట్టేది అని అడిగాడు.

చెప్పాను.

అవతల గాలి కొట్టే మెషిన్ ఆపేశాడు.

ఇంకా, అన్నాడు.