హాజరు పట్టీలో అరవై వేలిముద్రలు

కిజివేని, కెన్యా తీరం

పర్యావరణ అధికారిగారికి,

సోమవారం ఉప్పు కంపెనీవాళ్లు మా మడ అడవిని నరకబోతున్నారు కాబట్టి రాయక తప్పడం లేదు. ఊరు ఒప్పుకోనిదే అనుమతి ఇవ్వకూడదని చట్టంలో ఉంది. మేం ఒప్పుకున్నామంటూ మీరు చూపిన కాగితాన్ని మేం సభ హాజరు పట్టీ అనుకున్నాం. "సోడా తాగినవాళ్ల లెక్కేనమ్మా," అని సభలో సోడాలు పంచిన కంపెనీ గుమాస్తా నవ్వాడు. ప్రతి సభలోనూ ఉండేదే కదా అని, పైన ఏముందో చదవకుండా అరవై మంది ఆడవాళ్ల చేత నేనే వేలిముద్రలు వేయించాను.

ఆ మడల్లో పీతలు పట్టుకు బతికే దామా పిన్ని నిన్న రేవులో అందరి ముందూ అంది: "నీ చదువు మా పీతల్ని మింగేసిందే!"

ఆ కాగితం చెల్లదని శుక్రవారం, పద్నాలుగో తేదీలోగా జవాబు రాయండి. చెల్లుతుందనే రాస్తే, దాన్ని ఆ అరవై మందికీ చదివి వినిపించాల్సింది నేనే.