శాంతి ఎంచుకున్న తేలిక రంపం

మావా,

నీ ఏడాది కార్యం అయిన వారానికే తుఫాను వచ్చి, మన కంచిలి తోటలో జీడిచెట్లు సగం పడిపోయాయి. అందరి తోటలూ అలాగే ఉండడంతో పడిన మానులు కోసే మనుషులు దొరకలేదు. "నానే కోత్తానమ్మా" అంది మన అమ్మాయి శాంతి. పెట్రోలు రంపం కొనడానికి ఇద్దరం పలాస వెళ్లాం.

కొట్టాయన పెద్దది ముందు పెట్టి, "ఎంత మానైనా కోసెత్తాది. మగోల్లెవలూ రానేదేటి?" అన్నాడు.

శాంతి దాన్ని ఎత్తి, కాసేపు పట్టుకుని దించేసింది.

"కోసీది నానే బాబూ. అప్పుడే సేతులు లాగేత్తన్నాయి. అలిసిన సేత్తో కోత్తే పెమాదం. తేలికది సూపించండి."

చిన్నదాన్ని తనే స్టార్ట్ చేసింది. చెయ్యి జారితే రంపం పళ్ల గొలుసు ఎలా ఆగుతుందో మళ్లీ మళ్లీ చేయించుకుని చూసింది. ఎడ్లను కొనేముందు నువ్వూ ఇలాగే నడిపించి చూసేవాడివి.

అదే కొన్నాం. తోటకొచ్చాక ముందు సన్నకొమ్మలు కోసి చెయ్యి అలవాటు చేసుకుంది. నిన్నటికి తోటలో బండి వెళ్లేంత దారి తెరిచింది. పక్కతోట అప్పన్న అది చూసి, "అమ్మీ, మా తోటకెప్పుడొత్తావు?" అని అడిగాడు.

శాంతి నోరు తెరిచేలోపే నేను చెప్పాను.

"మా తోట అయినాక వత్తాది బావా. కూలి మాత్రం మగోల్లకిచ్చిందే ఇవ్వాల."