కాలువ పైన మడి

షామ్ లోయ,
జూన్ 4, 1991.

పూజ్యురాలు అచె యాంగ్డోల్‌కు,

చెల్లెలు కున్‌జెస్ తలవంచి జులే చెప్పి రాసుకుంటున్నది. ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. మఠంలో నీ ఒంట్లో ఎలా ఉంది అక్కా? అమ్మ ఇప్పుడు మెట్లు దిగడం లేదు. పొయ్యికీ కిటికీకీ మధ్యే ఆమె తిరుగుడంతా.

ఈ ఏడు కాలువ పైనున్న రాళ్ల దిబ్బను కూరమడి చేశాను. పక్కింటి మెమె రిగ్జిన్ తాత చూసి, అక్కడ రాళ్లే ఈనుతాయే పిల్లా, ముల్లంగి కాదు, అని ఎగతాళి చేశాడు. ఈననీ తాతా, దూడల్ని నీ కొట్టంలోనే కడతాలే, అన్నాను.

నెల్లాళ్లు గంపలతో రాళ్లు మోశాను. మేకల ఎరువూ బూడిదా పోస్తే జానెడు మట్టి తయారైంది. పాలకూర, టర్నిప్, ముల్లంగి అన్నీ మొలిచాయి, మూలన మూరెడు చోటు తప్ప.

అచే, ఆ మూల ఏరిపారేసిన రాళ్లు తిరిగొస్తున్నాయి. మధ్యాహ్నం టీ తాగి పైకెళ్లేసరికి ఏడు తెల్లరాళ్లు వరసగా పేర్చి ఉంటాయి. తడిమట్టిలో నా అడుగులు తప్ప వేరేవి లేవు. మొన్న వాటిని కాలువలోకి దొర్లించి, చేతులు కడుక్కుని తలెత్తాను. మళ్లీ అక్కడే ఉన్నాయి, నీళ్లోడుతూ. ముట్టుకుంటే చంటిపిల్ల ఒళ్లులా వెచ్చగా ఉన్నాయి.

తాతకు చెప్పాను. ఈసారి నవ్వలేదు. నేల లోపలి వాళ్లకు కోపమొచ్చిందేమో, పాలు పొయ్యి, అన్నాడు. పోశాను. పాలు ఇంకుతుంటే గుటకలు వేసినట్టు చప్పుడు వినిపించింది. చెంబు వదిలేసి పరుగెత్తుకొచ్చాను.

మీ మఠంలోని పెద్ద సన్యాసినులతో చెప్పి ఏదైనా ప్రార్థన చేయించు. వెంటనే బదులు రాయి.

నీ చెల్లెలు,
కున్‌జెస్

తా.క.: కవరు అంటించే ముందు ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. గుటకల దగ్గర ఆపమంది. అప్పుడు చెప్పింది. నా తొమ్మిదో ఏట చలికాలమంతా నువ్వు లోపలి గదిలో ఉన్నది జబ్బుతో కాదట. నీ పాపను లేహ్‌లో ఎవరికో పెంపకానికిచ్చామని నీతో చెప్పింది అబద్ధమట. పాప మూడో రోజే పోయింది. తెలిస్తే నువ్వూ దక్కవని భయపడి, తనే ఆ మూల పాతిపెట్టి రాళ్లు పేర్చిందట. ఇప్పుడు పేరుస్తున్నదెవరో తనకూ తెలియదంది.

ఆ చోటు ఇక ముట్టను. పాపకు పేరు పెట్టలేదట అచే. ఇన్నేళ్లూ నువ్వు మనసులో ఏ పేరుతో అనుకుంటున్నావో రాయి. వెళ్లి పిలుస్తాను.