నర్సమ్మగారి చప్పట్లు

మేయర్ గారికి నమస్కారాలు.

నేను ఇస్త్రీ షాపు ఆయన భార్యని. పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

నిన్న మీ సభలో ముందుగా మా వీధి నర్సమ్మగారికి పూలగుత్తి ఇచ్చారు. మా వీధి తల్లులందరికీ పురుడు పోసింది ఆవిడే. అందుకని అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాం. మేమింకా ఆపనే లేదు, మీరు పక్క బల్ల మీది గుడ్డ లాగేశారు. మా వీధిలో కట్టబోయేదట, కింద షాపులు, పైన ఫ్లాట్లు ఉన్న పెద్ద అట్టబొమ్మ. మా ఇల్లూ షాపూ ఉండాల్సిన చోట ఫౌంటెన్ ఉంది.

"మా ఇల్లేదండీ?" అని మెల్లగా అడిగాను.

"ముందు ఫౌంటెన్ చూడమ్మా, ఎంత బాగుందో!" అన్నారు ఇంజనీరు గారు.

ఇవాళ పేపర్లో, వీధి జనమంతా చప్పట్లతో ఒప్పుకున్నారని రాశారు. "ఇల్లు పోతుంటే చప్పట్లు కొట్టొచ్చావా, తల్లీ?" అని పొద్దుటినుంచీ మా ఆయన ఒకటే దెప్పుడు.

అయ్యా, ఆ చప్పట్లు నర్సమ్మగారివి. దయచేసి అవి ఆవిడకే ఇచ్చేయండి.

మీ కౌన్సిల్లో దీనిమీద ఓట్లు వేసేముందు ఇంకో సభ ఉందట కదా. దానికి మా అత్తగారిని పంపుతున్నాం. ముందు వరసలో కుర్చీ వేయించండి. ఆవిడ ఇంతవరకూ దేన్నీ మెచ్చుకుని ఎరగరు, నా వంటతో సహా.

ఇట్లు,
మీ ఫౌంటెన్ ఉన్నచోట కాపురముంటున్న ఇల్లాలు